ఢిల్లీతో పేచీ సరే, డ్రెయిన్ గేటు ఎవరి చేతిలో ఉంది?

కేంద్రం, రాష్ట్రం గొడవ అనగానే గోదావరి జిల్లాల్లో అరుగు మీద కూర్చున్న ఎవరినడిగినా వచ్చే మాటలు నాలుగే, ప్రత్యేక హోదా, పోలవరం, విభజన హామీలు, ఈమధ్య కొత్తగా డీలిమిటేషన్ (జనాభాని బట్టి సీట్లని మళ్లీ పంచడం). ఇవేవీ చిన్న విషయాలు కావు. కాకపోతే ఫెడరలిజం అంటే ఢిల్లీకెంత, రాష్ట్రానికెంత అన్న వాటాల తగాదా మాత్రమే అనుకుంటే లెక్క సగంలోనే ఆగిపోతుంది. మిగతా సగం తెలియాలంటే సముద్రానికి దగ్గర్లో ఏదో ఒక శివారు ఊరికెళ్లి మురుగు డ్రెయిన్ గట్టెక్కాలి.

డెల్టా అనగానే బయటివాళ్లకి గుర్తొచ్చేది పంట కాలవలు, కాటన్ దొర, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట. ఇక్కడ వ్యవసాయం చేసేవాళ్లనడిగితే నీళ్లు రావడం ఎంత ముఖ్యమో దిగిపోవడం అంతకన్నా ముఖ్యం అంటారు. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు, దానికి పెట్టిన నీరు, పైనుంచి పడ్డ వాన, ఊళ్ల మురుగు, రొయ్యల చెరువుల్లోంచి తోడి వదిలేసిన నీళ్లు, ఇదంతా డ్రెయిన్లలోంచే సముద్రానికి చేరాలి. నేలేమో బల్లపరుపు, వాలు ఉండీ లేనట్టుంటుంది. డ్రెయిన్లో గుర్రపుడెక్క అల్లుకుపోయి, సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసిందంటే నాలుగు రోజుల వానకే సార్వా (వానాకాలపు వరి) నారుమళ్లు కుళ్లిపోతాయి. ఇక పోటు టైములో ఉప్పునీరు ఎగదన్నకుండా ఆపాల్సిన స్లూయిజ్ గేటు తుప్పు పట్టి కిందకి దిగకపోతే అదింకో కథ, రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన తలలు ఊడిపోయి మోడుల్లా నిలబడ్డ కొబ్బరి చెట్లని చూస్తే ఎవరూ వివరించక్కర్లేదు.

సరే, గేటు బాగుచెయ్యాలి. ఎవరు చెయ్యాలి? డ్రెయిన్ జలవనరుల శాఖది, అందులో డ్రైనేజీ విభాగం వేరే. ఏఈ గారు ఎస్టిమేట్ రాస్తారు, అది పై ఇంజనీర్లు డీఈ, ఈఈ, ఎస్ఈ అని మెట్లెక్కుతూ పైకి పోతుంది, డబ్బు మంజూరైతే టెండరు, పనయ్యాక బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో (రాష్ట్ర ఖజానా చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) పెండింగు, పాత బిల్లు రాని కాంట్రాక్టరు కొత్త టెండరు జోలికి రాడు. పోనీ పూడికైనా ఉపాధి హామీలో తీయిద్దామంటే అది కేంద్ర చట్టం కింద నడిచే పథకం, మనుషులే చేతుల్తో చెయ్యాలి, పొక్లెయిన్ పెట్టకూడదు, నడుంలోతు నీళ్లున్న డ్రెయిన్లోకి పలుగూ తట్టా పట్టుకుని ఎవరు దిగుతారు? ఆ చట్టాన్ని కూడా 2025 డిసెంబర్లో పార్లమెంటు తీసేసి కొత్తది తెచ్చింది, పనిదినాలు 100 నుంచి 125 చేశామన్నారు, ఖర్చులో మాత్రం మనలాంటి రాష్ట్రాల వాటా 40 శాతం చేశారు. హామీ ఇచ్చిన పేరు ఢిల్లీకి, జేబు తడుముకోవడం రాష్ట్రానికి. మొగ దగ్గర ఏదైనా కట్టాలంటే కేంద్రం పెట్టిన సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) రూల్స్ చూడాలి. రొయ్యల చెరువులకి పర్మిషన్ ఇచ్చేది కలెక్టర్ గారి అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ.

ఇంతమందిలో ఊళ్లో జనం నిలదీసేది మాత్రం ఒక్క సర్పంచ్‌నే. "ఏవండీ, పొలాలన్నీ మునిగిపోతుంటే మీరేం చేస్తున్నారండీ" అని పంచాయతీ ఆఫీసు మెట్ల దగ్గరే పట్టుకుంటారు. ఆవిడకి గానీ, ఆవిడ తరఫున సమాధానం చెప్పే భర్త గారికి గానీ (సీట్లలో సగం మహిళలకి రిజర్వ్ అయినా ఈ ఆనవాయితీ ఇంకా పోలేదు) ఆ గేటు మీద అధికారం లేదు, ఇంజనీరు మీద లేదు, పంచాయతీ ఖాతాలో ఆర్థిక సంఘం డబ్బున్నా డ్రెయిన్ పంచాయతీ ఆస్తి కాదు కాబట్టి దానిమీద పెట్టిన ఖర్చుకి ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. ఓటేసి ఎన్నుకున్న మనిషికి పని చేసే అధికారం లేదు, అధికారం ఉన్న మనిషిని ఊరు ఎన్నుకోలేదు. మన ప్రజాస్వామ్య సంస్థల్లో అసలు లోపం ఇదే, హోదా ఇచ్చినా ఇవ్వకపోయినా ఇది ఇలాగే ఉంటుంది.

పై అంతస్తులో కథ కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే డెల్టా రైతు బతుకు అక్కడ కూడా వేలాడుతోంది. రాజ్యాంగం ప్రకారం నీళ్లు రాష్ట్ర జాబితాలోవి, 17వ ఎంట్రీ. కానీ రాష్ట్రాల మధ్య పారే నదుల నియంత్రణ కేంద్ర జాబితాలో 56వ ఎంట్రీ. గోదావరి మీద తగువు తేల్చడానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు, తుది తీర్పు 1980లో వచ్చింది, అదైనా రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందాల మీద ఆధారపడ్డ తీర్పే. దాళ్వాకి (రెండో పంట వరికి) గోదావరిలో సహజ ప్రవాహం చాలదు, సీలేరు నుంచి వదిలే నీళ్లే దిక్కు, ఆ సీలేరు పైన బలిమెల ఒడిశాతో ఉమ్మడి ప్రాజెక్టు. అంటే ఏ భీమవరం పక్కనో మార్చిలో వరి పొట్ట దశలో ఉన్నప్పుడు తడి అందుతుందా లేదా అన్నది రెండు రాష్ట్రాల ఇంజనీర్లు, కరెంటు తయారుచేసే జెన్‌కో వాళ్ల అవసరాలు కలిసి తేల్చే విషయం. ఇలాంటివి రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవడానికే రాజ్యాంగంలో 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలి పెట్టుకునే వీలు ఉంది, 1990లో దాన్ని ఏర్పాటు కూడా చేశారు, 2016 జులైలో సమావేశమైంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మీటింగే లేదు. ముఖ్యమంత్రులు విడివిడిగా ఢిల్లీ వెళ్లి శాలువాలు కప్పి వినతిపత్రాలు ఇచ్చి రావడమే మన సహకార ఫెడరలిజం అయిపోయింది.

పోలవరం సంగతి డెల్టావాళ్లు కొంచెం ఇబ్బందిగానైనా ఒప్పుకోవాలి. ముంపు ప్రాంతాలు వేరే రాష్ట్రంలో ఉంటే ప్రాజెక్టు కదలదని 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలని ఆర్డినెన్సుతో ఆంధ్రాలో కలిపారు. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాల సరిహద్దు మార్చడానికి పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు, సంబంధిత అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు తప్ప ఒప్పుకోలు అక్కర్లేదు. విభజన టైములో "మమ్మల్నడక్కుండా ముక్కలు చేశారు" అని మనం గోల పెట్టాం కదా, న్యాయమైన గోలే, మరి ఆ ఏడు మండలాల గిరిజన గ్రామసభల్ని ఎవరడిగారు? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకి ముందు గ్రామసభని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది, కింద డెల్టాకి నీళ్ల భరోసా వస్తోంది అనేసరికి ఆ ఊసు మనవైపు ఎవరికీ గుర్తురాలేదు.

గ్యాస్ విషయం ఇంకా సూటిగా ఉంటుంది. కోనసీమ నేల కింద, ఎదురుగా సముద్రంలో చమురు, గ్యాస్ ఉన్న కేజీ (కృష్ణా గోదావరి) బేసిన్. నేల మీద తీసే చమురు, గ్యాస్‌కి రాయల్టీ రాష్ట్రానికొస్తుంది. సముద్రంలో తీసేది 297వ అధికరణం వల్ల పూర్తిగా కేంద్రానిది, ఒడ్డుకి తెచ్చే పైపులైను మన గాడిమొగ దగ్గరే నేలెక్కినా రాష్ట్రానికి రాయల్టీ లేదు. దీని మీద రాష్ట్ర ప్రభుత్వాలు గట్టిగానే అడిగాయి. కానీ నేల మీద తీసినదానికి వచ్చే రాయల్టీలో బావి ఉన్న పంచాయతీకి ఇంత అని రాష్ట్రం రాసిచ్చిందా అంటే అదీ లేదు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకి పైగా మండింది, 2014లో కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి మనుషులు పోయారు, ప్రమాదం ఊరిది, రాయల్టీ ఖజానాది. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాలకి 2015 నుంచి జిల్లా మినరల్ ఫౌండేషన్ అని ఒకటుంది, గనుల ప్రభావం పడ్డ ఊళ్లకే ఖర్చుపెట్టాలని. చమురు, గ్యాస్ ఆ చట్టం పరిధిలోకి రావు కాబట్టి కోనసీమ ఊళ్లకి ఆ పాటి కూడా లేదు, కంపెనీల సీఎస్ఆర్ దయే దిక్కు.

ఇప్పుడు ఇంటి సంగతికొద్దాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది. పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు రాశారు, చిన్న నీటిపారుదల, తాగునీరు, రోడ్లు, కల్వర్టులు, చేపల పెంపకం, ప్రాథమిక విద్య, అన్నీ ఉన్నాయి. అయితే ఏది ఎంత ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో రాష్ట్ర అసెంబ్లీ ఇష్టానికి వదిలేశారు, మన రాష్ట్రం 1994లో చట్టం చేసింది, అంశాలు కాగితం మీద దిగాయి, ఆ అంశాలు చూసే సిబ్బంది, వాటికయ్యే డబ్బు మాత్రం శాఖల దగ్గరే ఉండిపోయాయి. డెల్టాలో ఏ హైస్కూల్ గోడ చూసినా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అని పెద్దక్షరాల్లో ఉంటుంది, లోపల టీచర్ల జీతం, బదిలీ, సిలబస్, మధ్యాహ్న భోజనం అన్నీ రాష్ట్ర శాఖలవే, జిల్లా పరిషత్‌కి మిగిలింది గోడ మీద పేరే.

ఒకప్పుడు ఇలా లేదు. 1959లో పంచాయతీరాజ్ మొదలైనప్పుడు జిల్లా పరిషత్ అధ్యక్షుడంటే మంత్రికి తక్కువేం కాదు. తర్వాత ఎన్టీఆర్ వచ్చాక, 1984 ఆగస్టులో ఢిల్లీ ఆయన్ని గవర్నర్ చేత దించేయిస్తే జనం రోడ్ల మీదకొచ్చి నెల రోజుల్లో తిరిగి కూర్చోబెట్టారు, కేంద్రం మిథ్య అన్న మాట ఆయన పేరు మీదే నిలిచిపోయింది. ఆయన హయాంలోనే సమితులు పోయి మండలాలొచ్చాయి, 1987లో మండలాధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్ ఛైర్మన్‌నీ జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. జిల్లా మొత్తం ఓట్లతో గెలిచిన ఛైర్మన్ అంటే ఎమ్మెల్యేలకన్నా పెద్ద తలకాయ, సహజంగానే అది చాలామందికి మింగుడుపడలేదు. 1994 చట్టంతో ఆ నేరు ఎన్నిక పోయింది. ఇప్పుడు మండలాధ్యక్షుణ్ణి మండల సభ్యులైన ఎంపీటీసీలు, ఛైర్మన్‌ని జిల్లా పరిషత్ సభ్యులైన జెడ్పీటీసీలు ఎన్నుకుంటారు, ఎన్నుకునే ముందు బస్సెక్కి క్యాంపుకెళతారు, ఎవరికి ఓటెయ్యాలో చెప్పే పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే పదవి పోతుంది. ఎవరు గెలవాలో ముందే పైన తేలిపోయిన ఎన్నిక.

కారణం కుట్ర అనుకోనక్కర్లేదు, పొజిషన్ అలాంటిది. ఎమ్మెల్యే చట్టసభ సభ్యుడు, చట్టాల మీద చర్చించి ఓటెయ్యడం ఆయన పని. కానీ 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్ జారీ అయితే ఏ బిల్లు మీదైనా సొంతంగా ఓటేసే వీలు లేదు, డ్రైనేజీకి బడ్జెట్లో తక్కువ పెట్టారని డెల్టా ఎమ్మెల్యే ఒకాయన వ్యతిరేకంగా చెయ్యెత్తితే సీటుకే ఎసరు. విప్‌ని ప్రభుత్వం పడిపోయే ఓటింగులకే పరిమితం చెయ్యమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. అసెంబ్లీలో ఇలా చేతులు కట్టేశాక ఎమ్మెల్యేకి నియోజకవర్గంలో చూపించుకోడానికి మిగిలేదేంటి? బదిలీలకి లెటర్లు, సీసీ రోడ్డు శంకుస్థాపన, పెన్షన్ల పంపిణీ, కాంట్రాక్టు ఎవరికన్న మాట. అవన్నీ నిజానికి పంచాయతీ, మండలం చేసే పనులు. కాబట్టి సర్పంచ్ బలపడితే ఎమ్మెల్యే పని ఖాళీ. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ లెక్క మారదు, అందుకే కిందకి అధికారం ఇచ్చే విషయంలో అన్ని పార్టీలదీ ఒకే బాట.

2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాల వ్యవస్థని మొదలుపెట్టింది కాకినాడ పక్కనున్న కరపలోనే. పట్టణాల్లోని వార్డు సచివాలయాలతో కలిపి రాష్ట్రంలో పదిహేను వేల సచివాలయాలు, ఊళ్లో ఒక్కో దాంట్లో ఇంజనీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ అసిస్టెంటు, సర్వేయరు, డిజిటల్ అసిస్టెంటు ఇలా పది మంది దాకా. ఊరికి అంతమంది సిబ్బంది రావడం మంచి పరిణామమే, సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది, అది కాదనలేం. కాకపోతే ఆ సిబ్బందిని పంచాయతీ కింద పెట్టలేదు, ఎవరి శాఖకి వాళ్లు రిపోర్టు చేస్తారు. పంచాయతీ ఆఫీసు ఒకవైపు, సచివాలయం ఇంకోవైపు, ఒకే ఊళ్లో రెండు ప్రభుత్వాలు, ఓట్లతో వచ్చినదానికి మనుషుల్లేరు, మనుషులున్నదానికి ఓట్లతో పనిలేదు. అదే టైములో 2018 ఆగస్టుకి గడువైపోయిన పంచాయతీలకి 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలే జరగలేదు, స్పెషలాఫీసర్ల పాలన. మధ్యలో 2020 ఏప్రిల్లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకి తగ్గిస్తూ ఆర్డినెన్స్ తేవడం, మే నెలాఖరుకి హైకోర్టు కొట్టెయ్యడం అందరికీ గుర్తే. రాష్ట్ర హక్కుల కోసం గవర్నర్ల మీద విరుచుకుపడే పార్టీలు తమ కింద ఉన్న రాజ్యాంగ సంస్థ దగ్గరికొచ్చేసరికి ఎలా ప్రవర్తిస్తాయో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. సరే, ఎన్నికలయ్యాయి, డబ్బొచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే ఖర్చుపెట్టాలని ఢిల్లీ కట్టేసింది, మిగిలిన 40 శాతమే పంచాయతీ ఇష్టం. ఆ ఇష్టం కూడా నిలవలేదు, 2021 చివర్లో ఖాతాల్లో డబ్బుని కరెంటు బకాయిల కింద డిస్కంలకి (కరెంటు పంపిణీ సంస్థలు) సర్దేశారని సర్పంచులు పార్టీల తేడా లేకుండా రోడ్డెక్కారు. డిస్కం రాష్ట్ర ప్రభుత్వానిదే. కేంద్రం సెస్సులు, సర్‌ఛార్జీల పేరుతో వసూలు చేసింది రాష్ట్రాలకి పంచకుండా తనే ఉంచేసుకుంటోందని అమరావతి అనడం ఎంత నిజమో, పంచాయతీకొచ్చింది మధ్యలో రాష్ట్రం పట్టేసిందని సర్పంచులనడం అంతే నిజం.

డెల్టాలో ఒక్కసారి మాత్రం అధికారం నిజంగా కిందకి దిగినట్టే దిగింది. 1997లో సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం వచ్చింది, నీటి సంఘాలంటారు అందరూ. కాలవ కింద ఆయకట్టు రైతులే ఓటేసి సంఘం పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు, పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. ఏ బోదె పూడిక తియ్యాలో, ఏ తూము మార్చాలో సంఘమే తీర్మానిస్తుంది, ఇంజనీరు సాంకేతికంగా సాయపడాలి. నీటి తీరువాని (సాగునీటి పన్ను) సార్వాకి ఎకరానికి 200 రూపాయలు చేసి, వసూలైనదాంట్లో వాటా సంఘాలకి వెనక్కిస్తామన్నారు. కాలవ తూములు చూసే లస్కర్ దయ మీద బతికే శివారు రైతుకి ఏఈని కూర్చోబెట్టి అడిగే అవకాశం రావడం అదే మొదలు. ఎక్కడ చెడిందంటే, తీరువా వసూలు రెవెన్యూ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది, డబ్బు ఖజానాకెళ్లి తిరిగి రావడం గగనమైంది, తర్వాత సంఘాలకి ఎన్నికలే ఏళ్ల తరబడి ఆగిపోయాయి. 2024 డిసెంబర్లో మళ్లీ పెట్టారు, చాలాచోట్ల పోటీ లేకుండా ఏకగ్రీవం.

ఏకగ్రీవం అంటే మనవాళ్లకి మహా ముచ్చట, ఊరంతా ఒక మాట మీద ఉందని. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊరికి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు కూడా. ఓటు వెయ్యకుండా ఉన్నందుకు ప్రభుత్వమే బహుమతి ఇవ్వడమేంటో! రామాలయం దగ్గర కూర్చుని పదవి తేల్చే పదిమందిలో దళిత పేటవాళ్లెవరైనా ఉంటారా అన్నది వేరే చెప్పాలా. నీటి సంఘాల్లో ఇంకో చిక్కుంది, ఓటు రికార్డుల్లో పేరున్నవాళ్లకే. డెల్టాలో బురదలో దిగేది ఎక్కువగా కౌలు రైతు, ఒప్పందం నోటిమాట, 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, పెడితే భూమి చెయ్యిజారుతుందేమోనని ఆయన పెట్టడు. యజమాని హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు, నీటి సంఘంలో ఓటు ఆయనది, నీళ్లు రాక ఎండేది కౌలుదారు చేను. కాబట్టి అధికారాన్ని కిందకి దించితే చాలదు, కింద దాన్ని అందుకునేది ఎవరన్నది కూడా చూడాలి. లేకపోతే గేటు ఇంజనీరు చేతిలోంచి మోతుబరి చేతికి మారుతుంది, అంతే.

డీలిమిటేషన్ మీద ఎక్కువ చెప్పడానికి లేదు. లోక్‌సభ సీట్ల పంపకం 1971 జనాభా లెక్కల దగ్గర ఆగింది, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా ఆ నిలుపుదల ఉంది, జనాభా తగ్గించిన దక్షిణాది భయం అర్థం చేసుకోదగ్గదే. ఇద్దరికన్నా ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనని 1994 నుంచి మోసిన రాష్ట్రం 2024లో దాన్ని ఎత్తేసిందంటేనే గాలి ఎటు తిరిగిందో తెలుస్తోంది. విభజన చట్టంలో అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి పెంచే సెక్షన్ కూడా ఉంది. ఎమ్మెల్యేలు యాభైమంది పెరిగితే యాభై లెటర్‌హెడ్లు పెరుగుతాయి, స్లూయిజ్ గేటుకి ఒరిగేది మాత్రం కనపడదు.

చెయ్యగలిగినవి లేకపోలేదు, వీటిలో చాలావాటికి ఢిల్లీ పర్మిషన్ అక్కర్లేదు. కేరళలో 1996 నుంచి ప్రణాళిక నిధుల్లో పెద్ద వాటా స్థానిక సంస్థలకిస్తున్నారు, ఏ పంచాయతీకి ఎంతో రాష్ట్ర బడ్జెట్ పత్రాల్లోనే నాలుగో అనుబంధంలో పేరు పేరునా అచ్చేస్తారు. అసెంబ్లీ ఆమోదించిన అంకె కాబట్టి మధ్యలో ఎవరైనా లాక్కుంటే బయటపడిపోతుంది. మన బడ్జెట్లో అలాంటి పట్టిక ఒకటి వెయ్యడానికి కావాల్సింది కాగితం, సిరా, కొంచెం మనసు. డ్రెయిన్ పెద్దది, పది ఊళ్ల మీదుగా పారుతుంది, ఒక్క పంచాయతీకిస్తే కుదరదన్న వాదన సరైనదే. దానికి సరిపోయే స్థాయి జిల్లా పరిషత్. 2022 ఏప్రిల్లో జిల్లాలని విడగొట్టినప్పుడు కలెక్టరేట్లు అమలాపురానికి, భీమవరానికి వచ్చాయి, జిల్లా పరిషత్‌లు మాత్రం పాత పద్ధతిలో కాకినాడలో, ఏలూరులో ఉండిపోయాయి. అధికారులకైతే కొత్త జిల్లా, ఎన్నికైనవాళ్లకి పాత జిల్లా. కోనసీమకి కోనసీమ జిల్లా పరిషత్ వేరేగా పెట్టి, ఛైర్మన్‌ని 1987లో లాగా జనం చేతే ఎన్నుకోనిచ్చి, డ్రైనేజీ డివిజన్లని, వాటి నిర్వహణ, మరమ్మతుల డబ్బుతో, ఈఈ గారి పనితీరు రిపోర్టు రాసే అధికారంతో సహా ఆ పరిషత్‌కి అప్పగించాలి. డెల్టాలో డ్రెయిన్ల కోసమని రైతుల దగ్గర సెస్సు వసూలుకి 1968లోనే చట్టం చేశారు, అంటే డ్రెయిన్లకి వేరే పద్దు అన్న ఆలోచన కొత్తదేం కాదు, ఆ పద్దు మీద రైతుకి మాట లేకపోవడమే పాత సంగతి. కౌలుదారుకి యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభలో చదివి ఒప్పుకున్న సాగుదారుల జాబితాని బట్టే నీటి సంఘంలో ఓటివ్వడం కూడా ఈ పనిలో భాగమే. దీనికి భూస్వాములు ఒప్పుకోరు, ఎమ్మెల్యేలు ఒప్పుకోరు, శాఖలు అస్సలు ఒప్పుకోవు. మరి ఈ ముగ్గురి ఓట్లు కలిపినా శివారు ఊళ్లలో సాగు చేసేవాళ్ల ఓట్లకన్నా తక్కువే ఉంటాయి, కానీ ఆ ఊళ్లు ఎమ్మెల్యే ఎన్నికలో ఈ డిమాండుని ఇంకా ఒక్కసారి కూడా ముందుపెట్టి అడగలేదు, అడిగేదంతా రోడ్డు, పెన్షను, మద్దతు ధర.